జూలై 17, ఆగస్టు 6: కారంచేడు, చుండూరు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జూలై రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఈ రెండు ఊళ్ల పేర్లు పత్రికల్లో, సభల్లో, ఫోన్లలో తిరుగుతాయి. ఆ తర్వాత మళ్లీ ఏడాది దాకా నిశ్శబ్దం. ఆ రోజుల్లో చదువుకునే పిల్లలు, విలేకరులు, విదేశాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. వాటికి జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. హత్యలు జరిగిన తేదీలు చాలామందికి తెలుసు. తీర్పుల తేదీలు మాత్రం ఎవరికీ గుర్తుండవు. అసలు కథలో సగం ఆ తీర్పుల్లోనే ఉందని నా నమ్మకం. అందుకే కోర్టుల సంగతి కాస్త ఎక్కువగా రాశాను.

ఈ రెండు తేదీలు ఏమిటి?

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో అగ్రకుల భూస్వాముల గుంపు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను పొలాల్లో వెంటాడి నరికి చంపారు. జిల్లాల పునర్వ్యవస్థీకరణ తర్వాత ఇప్పుడు రెండు ఊళ్లూ బాపట్ల జిల్లాలోనే ఉన్నాయి. ఒకటి చీరాల పక్కన, మరొకటి తెనాలి పక్కన.

కారంచేడులో గొడవ ఎలా మొదలైంది?

చెరువు దగ్గర మొదలైంది. మాదిగపల్లెవాళ్లు తాగునీరు ముంచుకునే చెరువు అది. జూలై 16న ఒక కమ్మ కుటుంబానికి చెందిన యువకుడు గేదెలకు కుడితి పెట్టిన బకెట్లను ఆ చెరువు దగ్గరే కడుగుతున్నాడు. ఆ మురికి నీళ్లు తాగే నీళ్లలో కలుస్తున్నాయని ఒక మాదిగ యువకుడు అభ్యంతరం చెప్పాడు. అడిగినందుకు అతన్ని కొట్టబోయారు. నీళ్లకు వచ్చిన ఒక మాదిగ మహిళ అడ్డం వెళ్లింది. ఆమె మీదికి కూడా వచ్చేసరికి తనను కాపాడుకోవడానికి చేతిలో ఉన్న బిందె ఎత్తింది.

జరిగింది ఇంతే. ఆమె ఎవరినీ చంపలేదు, ఎవరి ఇంటి మీదికీ పోలేదు. తాగే నీళ్లు పాడు చేయవద్దని ఒకరు అన్నారు, కొడితే ఊరుకోనని ఇంకొకరు బిందె ఎత్తారు. మర్నాడు పొద్దున గొడ్డళ్లు, బరిసెలు, కర్రలతో వందలాది మంది మాదిగపల్లెను చుట్టుముట్టారు. దొరికినవాళ్లను దొరికినట్టు కొట్టారు. పొలాల్లోకి పరుగెత్తినవాళ్లను తరిమి తరిమి చంపారు. మహిళల మీద అత్యాచారాలు జరిగాయి. బతికినవాళ్లు పిల్లలను చంకనేసుకుని చీరాల దారి పట్టారు.

బిందె ఎత్తినందుకే ఆరుగురిని చంపుతారా? ఇంకేదో కారణం ఉండాలి కదా?

ఈ ప్రశ్న రెండు రకాలుగా వస్తుంది. కొందరు నిజంగా కారణం తెలుసుకోవాలని అడుగుతారు. ఇంకొందరు బాధితులు కూడా ఏదో చేసే ఉంటారన్న అనుమానంతో అడుగుతారు. రెండో రకంవాళ్లకు నా జవాబు సూటిగా ఉంటుంది. బాధితులు చేసింది పైన చెప్పినంత వరకే.

మొదటి రకంవాళ్లకు కొంచెం వివరంగా చెప్పాలి. కృష్ణా డెల్టా కాలువ నీళ్లు, కొత్త వంగడాలు, ఎరువులు కలిసి 1960ల తర్వాత ఈ ప్రాంతంలో భూమి ఉన్నవాళ్ల చేతికి విపరీతంగా డబ్బు తెచ్చాయి. ఆ డబ్బు మిల్లుల్లోకి, సినిమాల్లోకి, కాంట్రాక్టుల్లోకి వెళ్లింది. 1983 నాటికి రాజ్యాధికారం కూడా దగ్గరైంది. అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు వియ్యంకుడి ఊరు కారంచేడే. మరోవైపు మాదిగపల్లెలో బడికి వెళ్లిన తరం ఎదిగింది. పాలేరుతనం చేసిన తండ్రి తల వంచిన చోట కొడుకు తలెత్తి మాట్లాడుతున్నాడు. కూలి దగ్గర, ఓటు దగ్గర, నడిచే దారి దగ్గర ఈ ఒరిపిడి అప్పటికే రాజుకుని ఉంది. చెరువు దగ్గర బిందె పైకి లేవడంతో అది బయటపడింది. అంటే చంపినవాళ్లకు కోపం తెప్పించింది బిందె కాదు, ఎదురు చెప్పడం.

బాధితులు మళ్లీ సొంత ఊరికి ఎందుకు వెళ్లలేదు?

కారంచేడు ఉద్యమంలో నన్ను ఎక్కువగా కదిలించే విషయం ఇదే. అంతకుముందు ఎన్నో ఊళ్లలో దాడులు జరిగాయి. తర్వాత పెద్దమనుషులు కూర్చోవడం, ఎంతో కొంత ముట్టజెప్పడం, ‘‘రేపు మళ్లీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి కదా’’ అంటూ రాజీ కుదర్చడం, బాధితులు అదే ఊళ్లో అదే కూలికి వెళ్లడం ఆనవాయితీ. కారంచేడు మాదిగలు ఆ ఆనవాయితీని తెంచేశారు. చీరాలలో చర్చి ఆవరణలో తలదాచుకున్నవాళ్లు, తమను చంపినవాళ్ల పొలాలకు కూలికి వెళ్లేది లేదని, పట్నంలోనే ఇళ్లస్థలాలు, బతుకుదెరువు చూపించాలని పట్టుబట్టారు. చివరికి చీరాలలోని విజయనగర్ కాలనీలో స్థిరపడ్డారు. ప్రతి జూలై 17న సభ జరిగేది అక్కడే.

ఊరు విడిచిపెట్టడాన్ని ఓటమిగా చూసేవాళ్లున్నారు. నేను అలా చూడను. ఊళ్లో పొలం పని చేసేవాళ్లే ఊరు వదిలి వెళ్లిపోతే ఎలా ఉంటుందో ఆ భూస్వాములకు మొదటిసారి తెలిసింది. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం దాని ముందువరసలో నిలిచారు. తారకం అప్పటికి హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఈ ఘటనకు నిరసనగా ఆ పదవికి రాజీనామా చేశారు. ఆ తర్వాత పదేళ్లలో తెలుగులో వచ్చిన దళిత కవిత్వం, పాట, కథ ఏది తీసుకున్నా కారంచేడు ప్రస్తావన ఎక్కడో ఒకచోట తగులుతుంది.

చుండూరు సంగతేమిటి? సినిమా హాల్లో కాలు తగిలినందుకు గొడవ అంటారు, నిజమేనా?

మొదలైంది అలాగే. 1991 జూలైలో సినిమా చూస్తుండగా, డిగ్రీ చదివిన ఒక దళిత యువకుడి కాలు ముందు వరసలో కూర్చున్న రెడ్డి యువకుడికి తగిలింది. తర్వాత ఆ దళిత యువకుణ్ని పట్టుకుని కొట్టారు. మాలపల్లె అతని పక్షాన నిలబడింది. దాంతో ఊళ్లోని రెడ్లు, తెలగలు దళితులను సాంఘికంగా వెలివేశారు. వాళ్లను పొలం పనికి పిలవలేదు.

ఇక్కడ చుండూరుకు, కారంచేడుకు ఒక తేడా ఉంది. చెన్నై వైపు వెళ్లే ప్రధాన రైలుమార్గం చుండూరు మీదుగానే పోతుంది. ఊళ్లో స్టేషను ఉంది. మాలపల్లెలో రైల్వే ఉద్యోగాలున్న కుటుంబాలు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉండేవి. చదువుకున్న కుర్రాళ్లున్నారు, నెల తిరిగేసరికి జీతం వచ్చే ఇళ్లున్నాయి. కూలి ఆపితే కాళ్ల మీద పడతారన్న లెక్క తప్పింది. వెలి వేసినా వాళ్లు లొంగలేదు. లొంగకపోవడమే పగను ఇంకా పెంచింది.

ఆగస్టు 6న పట్టపగలు పోలీసులు మాలపల్లెలోకి వచ్చారు. మగవాళ్లు ఊళ్లో ఉంటే ప్రమాదమని, పారిపొమ్మని హెచ్చరించారు. ఇంట్లో ఆడవాళ్లు కూడా భయపడి మగవాళ్లను బయటికి పంపేశారు. పొలాల మీదుగా పరుగెత్తినవాళ్లకు ఎదురుగా ట్రాక్టర్లతో, గొడ్డళ్లతో, రాడ్లతో మనుషులు సిద్ధంగా ఉన్నారు. చంపినవాళ్లను ముక్కలు చేసి, కొందరి శరీరాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్ అనే మురుగుకాలువలో, పంట కాలువలో పడేశారు. మాలపల్లెలో మిగిలిన ఆడవాళ్లకు ఆ రాత్రికి కూడా తమవాళ్లు బతికున్నారో లేదో తెలియదు. మృతదేహాలు ఆ తర్వాతి రోజుల్లో ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

అంటే అక్కడ పోలీసులు ఉన్నారా?

ఉన్నారు. వెలి మొదలైనప్పటి నుంచి ఊళ్లో పోలీసు పికెట్ ఉంది, నిషేధాజ్ఞలు ఉన్నాయి. వాళ్ల కళ్లెదుటే ఇదంతా జరిగింది. మనుషులను ఇళ్లలోనే ఉంచి కాపలా కాయాల్సిన పోలీసులు, చంపడానికి కాచుకున్న గుంపు వైపు వాళ్లను పరుగెత్తించారని బాధితులు మొదటి రోజు నుంచీ చెబుతున్నారు. హక్కుల సంఘాల నిజనిర్ధారణ నివేదికలూ అదే చెప్పాయి. ఆ తర్వాత న్యాయం కోసం జరిగిన నిరసనలో పోలీసు కాల్పులకు మరో దళిత యువకుడు బలయ్యాడు. నేదురుమల్లి జనార్దనరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న రోజులవి.

మృతులను ఊరి మధ్యలో ఎందుకు ఖననం చేశారు?

చుండూరు బాధితులు మొదట తెనాలిలోని సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో శిబిరంలో ఉన్నారు. అంత్యక్రియల దగ్గరకు వచ్చేసరికి, చంపినవాళ్లు రోజూ చూసే చోటే తమవాళ్లు ఉండాలని తీర్మానించుకున్నారు. ఊరి చివర శ్మశానంలో కాకుండా ఊరి నడిమధ్యన సమాధులు కట్టారు. ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు. ఏటా ఆగస్టు 6న జనం చేరేది అక్కడికే. మనదేశంలో దళితుల శ్మశానానికి దారి కోసం కూడా కోర్టుకు వెళ్లాల్సిన ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి చోట ఊరి మధ్యలో ఎనిమిది సమాధులు నిలబడడం ఎంత పెద్ద విషయమో అక్కడికి వెళ్లి చూస్తే అర్థమవుతుంది.

కారంచేడు కేసు చివరికి ఏమైంది?

1994లో, అంటే తొమ్మిదేళ్లకు, గుంటూరు సెషన్స్ కోర్టు అయిదుగురికి యావజ్జీవ శిక్ష, 46 మందికి మూడేళ్ల జైలు విధించింది. 1998లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. 2008 డిసెంబరు 19న సుప్రీంకోర్టు తుది తీర్పు ఇచ్చింది. ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ల జైలు పడ్డాయి. నేరం జరిగిన రోజుకు, ఆ తీర్పుకు మధ్య 23 ఏళ్లు గడిచాయి. నిందితుల్లో, సాక్షుల్లో, బాధితుల్లో చాలామంది అప్పటికే కాలం చేశారు.

ముఖ్యమంత్రి వియ్యంకుణ్ని నక్సలైట్లు చంపారు కదా? దాంతో లెక్క సరిపోయిందని కొందరంటారు.

కారంచేడు దాడిలో ప్రధాన నిందితుడిగా ఆరోపణలు ఎదుర్కొన్న ఆయనను 1989 ఏప్రిల్‌లో పీపుల్స్ వార్ చంపింది. అప్పటికి కేసు విచారణ తేలలేదు. ఆ హత్యను సంబరంగా చెప్పుకున్నవాళ్లున్నారు. ప్రతీకార హత్యను న్యాయంగా ఒప్పుకోవడం నా వల్ల కాదు. బాధితులు కోరింది బహిరంగ కోర్టులో, తమ సాక్ష్యం విని, ఫలానా వాళ్లు ఫలానా నేరం చేశారని ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోవడం. చనిపోయిన మనిషి మీద ఆ తీర్పు ఇక రాదు.

చుండూరులో ప్రత్యేక కోర్టును ఊళ్లోనే పెట్టారని విన్నాం. అదెలా సాధ్యమైంది?

బాధితుల పట్టుదల వల్లే. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టు ఉండాలి. దాన్ని గుంటూరులోనో ఇంకెక్కడో పెడితే కూలి మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని, నిందితుల మనుషుల మధ్య నిలబడి సాక్ష్యం చెప్పాల్సి వస్తుంది. అందుకే కోర్టే మా ఊరికి రావాలని చుండూరు దళితులు అడిగారు. దానికి వ్యతిరేకంగా పిటిషన్లు నడిచాయి, ఏళ్లు గడిచాయి. చివరికి కోర్టు ఊళ్లోకి వచ్చింది. విచారణ 2004 చివర్లో మొదలైంది. బాధితులు కోరుకున్న న్యాయవాది బి. చంద్రశేఖర్‌ను ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా నియమించారు. సాక్షులకు ధైర్యం చెప్పి, పదమూడేళ్ల కిందటి ఘటనను మాట మాటా గుర్తు చేయించి, ఎదుటి వకీళ్ల ప్రశ్నలకు నిలబడేలా చేసింది ఆయన, ఆయన సహచరులు.

2007 జూలై 31న తీర్పు వచ్చింది. విచారణ ఎదుర్కొన్న 179 మందిలో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది కఠిన కారాగార శిక్ష పడ్డాయి. 123 మందిని నిర్దోషులుగా వదిలేశారు. పదహారేళ్ల తర్వాత వచ్చినా, తమ ఊళ్లోనే, తమ సాక్ష్యం మీదే శిక్షలు పడడం బాధితులకు కొండంత అండ అయింది.

మరి ఆ శిక్షలను హైకోర్టు ఎందుకు కొట్టేసింది?

2014 ఏప్రిల్ 22న, రాష్ట్రం రెండుగా విడిపోవడానికి నెలన్నర ముందు, హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు శిక్ష పడిన వాళ్లందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. హత్యలు సరిగ్గా ఏ సమయంలో జరిగాయో, ఎక్కడ జరిగాయో, ఎవరు ఎవరిని కొట్టారో ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందన్నది ఆ తీర్పు సారాంశం. దాని మీద సుప్రీంకోర్టుకు అప్పీళ్లు వెళ్లాయి.

న్యాయమూర్తులు ఒక సూత్రాన్ని అనుసరించారు. అనుమానం ఉంటే దాని ప్రయోజనం నిందితుడికి దక్కాలి. ఆ సూత్రం మంచిదే, రేపు మనకూ అవసరం పడవచ్చు. కానీ దాన్ని ఇలాంటి కేసుకు అన్వయించే తీరులోనే నాకు పేచీ ఉంది. నాలుగైదు వందల మంది ఆయుధాలతో వెంటపడి తరుముతున్నప్పుడు, ప్రాణభయంతో పంట కాలువల్లో, పొదల్లో నక్కినవాడు చేతి గడియారం చూసుకోడు. ఏ గొడ్డలి ఎవరి చేతిలో ఉందో, అది ఎవరి మెడ మీద పడిందో వరసగా చెప్పలేడు. శవాలను చోటు మార్చి డ్రెయిన్‌లో పడేసింది చంపినవాళ్లే. అయినా చావు ఎక్కడ జరిగిందో చూపించలేకపోయిన లోపం మాత్రం బాధితుల ఖాతాలో పడింది. ఇద్దరి మధ్య జరిగే హత్యకు అడిగే రుజువును మూకుమ్మడి దాడిలోనూ అదే కొలతతో అడిగితే, గుంపు ఎంత పెద్దదైతే శిక్ష తప్పించుకోవడం అంత తేలికవుతుంది. చట్టవిరుద్ధంగా గుమిగూడిన గుంపులో ఉండి, ఆ గుంపు ఉద్దేశంలో పాలుపంచుకున్న ప్రతివాడూ బాధ్యుడేనని 2024 దాకా అమల్లో ఉన్న పాత శిక్షాస్మృతిలో 149వ సెక్షన్ బ్రిటిష్‌వాళ్ల కాలం నుంచీ ఉండేది. మూక హత్యలకు దాన్ని గట్టిగా పట్టుకోకపోతే ఇంకెక్కడ పట్టుకుంటారు?

నిర్దోషులని తీర్పు వచ్చాక కూడా ‘హంతకులు’ అనవచ్చా?

కోర్టు వదిలేసిన ఏ వ్యక్తినీ పేరు పెట్టి హంతకుడు అనకండి. చట్టరీత్యా తప్పు, నైతికంగానూ తప్పు. కానీ ఎనిమిది మంది హత్యకు గురయ్యారన్నది ఏ కోర్టూ కాదనలేదు. కాబట్టి ఇలా అడగండి: వీళ్లు చంపలేదంటే మరి ఎవరు చంపారు? కనిపెట్టాల్సిన బాధ్యత ఎవరిది? ఆ శవాలు గోనెసంచుల్లోకి వాటంతట అవి వెళ్లలేదు కదా.

1989 అత్యాచారాల నిరోధక చట్టం కారంచేడు వల్లే వచ్చిందా?

ఒక్క కారంచేడు వల్లే అనడం సరికాదు. అప్పటికే తమిళనాడులో కీళ్వెణ్మణి, బిహార్‌లో బెల్చి వంటి చోట్ల జరిగిన దళిత హత్యాకాండలు దేశాన్ని కుదిపేశాయి. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటరానితనానికి శిక్షలు చెబుతుందే తప్ప సామూహిక హత్యలకు, ఇళ్ల దహనాలకు సరిపోదని అందరికీ తెలిసొచ్చింది. ఆ ఒత్తిడిలో కారంచేడు ఉద్యమానిది పెద్ద వాటా. 1989 సెప్టెంబరులో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమలైంది. దాని నియమావళి మాత్రం 1995 దాకా రాలేదు.

దీనివల్ల కారంచేడు బాధితులకు ఒక చేదు వాస్తవం మిగిలింది. తమ పోరాటం వల్ల వచ్చిన చట్టం తమకే వర్తించలేదు. వాళ్ల కేసు మామూలు శిక్షాస్మృతి కిందే నడిచింది. చుండూరు నాటికి చట్టం అమల్లో ఉంది.

నిందితుల కులం పేరు చెప్పడం అవసరమా? కులాల మధ్య చిచ్చు పెట్టినట్టు కాదా?

చంపినవాళ్లు బాధితుల కులం చూసి చంపారు. ఆ విషయం దాచి ‘రెండు వర్గాల ఘర్షణ’ అని రాస్తే అబద్ధం రాసినట్టే. ఘర్షణలో రెండువైపులా సమానంగా దెబ్బలు తగలాలి. ఇక్కడ చచ్చిందంతా ఒకవైపే. అయితే ఒక కులంలో పుట్టిన ప్రతివాడినీ ఈ నేరానికి బాధ్యుణ్ని చేయడం కూడా అన్యాయమే. ఆ రోజుల్లో బాధితుల పక్షాన నిలబడ్డ హక్కుల కార్యకర్తల్లో, న్యాయవాదుల్లో అగ్రకులాలవాళ్లు చాలామంది ఉన్నారు. చంపినవాళ్లలో మాత్రం ఎవరూ కులానికి అతీతంగా రాలేదు.

ఇలాంటి తేదీలు ఇంకేమున్నాయి?

1968 డిసెంబరు 25న తమిళనాడు తంజావూరు ప్రాంతంలోని కీళ్వెణ్మణిలో కూలి పెంచమన్న దళిత కూలీల కుటుంబాలకు చెందిన 44 మందిని గుడిసెలో సజీవదహనం చేశారు. కింది కోర్టు శిక్ష వేసిన భూస్వాములను 1973లో మద్రాసు హైకోర్టు వదిలేసింది. కార్లున్న అంత పెద్ద ఆసాములు స్వయంగా నడిచి వెళ్లి గుడిసెలు తగలబెట్టారంటే నమ్మశక్యంగా లేదన్నట్టు ఆ తీర్పులో రాశారు. 1997 డిసెంబరు 1న బిహార్‌లోని లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మందిని కాల్చి చంపారు. 2010లో కింది కోర్టు 16 మందికి ఉరి, 10 మందికి యావజ్జీవం విధిస్తే, 2013 అక్టోబరులో పట్నా హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 2006 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని ఖైర్లాంజిలో ఒకే కుటుంబంలో నలుగురిని చంపారు. 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో భూమి తగాదాలో అయిదుగురు దళితులను చంపారు.

కీళ్వెణ్మణి, కారంచేడు, బాథే, చుండూరు. నాలుగు రాష్ట్రాలు కాకపోయినా మూడు రాష్ట్రాలు, మూడు హైకోర్టులు, నలభై ఏళ్లకు పైగా కాలం. కింద శిక్ష, పైన విడుదల. వర్ధంతి సభల్లో హత్యల తేదీతో పాటు ఈ తీర్పుల తేదీలు కూడా చదవాలని నేను పదేపదే అనేది ఇందుకే.

వర్ధంతి రోజున వ్యాసమో, పోస్టో రాసేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

అత్యాచారానికి గురైన మహిళల పేర్లు, వాళ్లను గుర్తుపట్టే వివరాలు రాయకండి. పాత పత్రికల్లో అచ్చయ్యాయి కదా అని మళ్లీ రాయడానికి వీల్లేదు. చట్టం దాన్ని నేరంగా చూస్తుంది. శవాల ఫొటోలు పెట్టకండి. ఆ కుటుంబాల పిల్లలు, మనవలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్ల ఫోన్లకూ అవి వెళతాయి. ఏటా ఎక్కడో ఒకచోట కారంచేడు మృతుల సంఖ్యను చుండూరుకు, చుండూరు సంఖ్యను కారంచేడుకు వేస్తుంటారు. అక్కడ ఆరుగురు, ఇక్కడ ఎనిమిది మంది. ఇది చిన్న తప్పు కాదు. ఒక్క అంకె తేడా అంటే ఒక మనిషిని మరిచిపోయినట్టే.

బడిలో పిల్లలకు చెప్పవచ్చా?

ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు తప్పకుండా చెప్పవచ్చు. గోనెసంచుల దగ్గర మొదలుపెట్టకండి. చెరువు దగ్గర మొదలుపెట్టండి. తాగే నీళ్లలో కుడితి బకెట్లు కడగడం తప్పా, కాదా అని అడగండి. పిల్లలే మిగతాది అడుగుతారు.

ఇవాళ ఇలాంటి దాడి జరిగితే బాధితులకు చట్టంలో ఏముంది?

చాలా ఉంది. చుండూరువాళ్లకు లేనివి కూడా ఇప్పుడు ఉన్నాయి. 14566 అనే జాతీయ హెల్ప్‌లైన్ నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే చేయాలి, 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. నిందితులకు ముందస్తు బెయిలు ఇవ్వకూడదని చట్టం చెబుతోంది. 2018లో సుప్రీంకోర్టు దీన్ని సడలించినా, అదే ఏడాది పార్లమెంటు సవరణతో తిరిగి నిలబెట్టింది. విధుల్లో నిర్లక్ష్యం చూపిన అధికారిని 4వ సెక్షన్ కింద శిక్షించవచ్చు. హత్య జరిగితే 2016 నియమాల ప్రకారం కుటుంబానికి 8 లక్షల 25 వేల రూపాయల సాయం అందాలి. అందులో సగం శవపరీక్ష కాగానే ఇవ్వాలి.

2015 సవరణ రెండు పెద్ద మార్పులు తెచ్చింది. అంతకుముందు హత్య వంటి పెద్ద నేరాల్లో ఈ చట్టం వర్తించాలంటే, కులం కారణంగానే దాడి చేశారని రుజువు చేయాల్సి వచ్చేది. ఇప్పుడు బాధితుడు ఎస్సీ లేదా ఎస్టీ అని తెలిసి చేస్తే చాలు. రెండోది, 15ఎ సెక్షన్ కింద బాధితులకు, సాక్షులకు హక్కులు వచ్చాయి. రక్షణ, ప్రయాణ ఖర్చులు, బెయిలు విచారణలో తమ మాట వినిపించే అవకాశం అందులో ఉన్నాయి. అప్పీళ్లను సాధ్యమైనంత వరకు మూడు నెలల్లో తేల్చాలని కూడా అదే సవరణ చెబుతోంది. చుండూరు అప్పీలు హైకోర్టులో దాదాపు ఏడేళ్లు నడిచింది.

చట్టం కాగితం మీద ఉన్నంత మాత్రాన ఎస్సై కేసు రాస్తాడని కాదు. రాయకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రసీదు దాచుకోండి. కేసు ఏ సెక్షన్ల కింద రాశారో ఎఫ్ఐఆర్ నకలు తీసుకుని చూడండి. అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్లు అందులో లేకపోతే మొదటి రోజే అడగండి. పదేళ్ల తర్వాత హైకోర్టులో అడిగితే లాభం ఉండదు.

మేం అక్కడికి వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు, సభలు అందరికీ తెరిచే ఉంటాయి. జూలై 17న చీరాల విజయనగర్ కాలనీకి వెళ్లండి. చీరాల స్టేషను నుంచి ఆటోలు దొరుకుతాయి. ఆగస్టు 6న చుండూరు రక్తక్షేత్రానికి తెనాలి నుంచి బస్సులోనో, ఆటోలోనో వెళ్లవచ్చు. ఆ కుటుంబాలవాళ్లు ఎదురుపడితే ‘ఆ రోజు ఏం జరిగింది’ అని మొదటి ప్రశ్నే అడగకండి. ఆ ప్రశ్నకు వాళ్లు పోలీసులకు, కమిషన్లకు, వకీళ్లకు, విలేకరులకు లెక్కలేనన్నిసార్లు జవాబు చెప్పారు. కేసు ఎంతవరకు వచ్చిందని అడగండి. దాని గురించి మాట్లాడడానికి వాళ్ల దగ్గర చాలా ఉంది.